వేరుదాకా వెళ్ళే మందు

పిల్లలూ,

మొక్కకు జబ్బు తెచ్చే వైరస్‌తోనే మొక్కకు మందు పంపిస్తారట, ఇదేం తమాషా తాతయ్యా అని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నేను చేసిన ఒక పిచ్చి పని చెబుతాను. నోటిపూతకు రాసే ఊదారంగు మందు, జెన్షన్ వయొలెట్, కాస్త నీళ్ళలో కలిపి జిగురుమట్టి నింపిన కుండీలో పోశాను. (మీరు చేయకండి, చేతికి అంటితే ఓ పట్టాన వదలదు.) అడుగు చిల్లుల్లోంచి కారిన నీళ్ళలో రంగు ఇంచుమించు లేదు. మట్టి ఆరాక చాకుతో నిలువుగా కోసి చూస్తే పైన వేలి మందం మేర ముదురు ఊదా, ఆ కింద మామూలు మట్టి. నీళ్ళు దిగాయి, మందు దిగలేదు. మట్టిరేణువులు దాన్ని పైనే పట్టేసుకున్నాయి.

రైతుకు వచ్చే చిక్కూ ఇదే. నులిపురుగులని మట్టిలో ఉంటాయి, కంటికి ఆనవు. వేళ్ళలో దూరి బుడిపెలు కట్టిస్తాయి. అలాంటి మొక్కను పీకి చూస్తే వేరు పూసలు గుచ్చిన దారంలా ఉంటుంది. పైన ఆకులు వాడిపోతుంటే నీళ్ళు చాలలేదేమో అనుకుంటాం! వీటిని చంపే అబామెక్టిన్ అనే మందు ఉంది, కానీ అది మట్టికి గట్టిగా అతుక్కుపోతుంది. పురుగు కింద, మందు పైన. ఇంకాస్త పోద్దామంటే వానకు ఆ పైమట్టితో పాటే చెరువులోకి చేరుతుంది, చేపలకు అది విషం.

ఇక్కడే వైరస్ పనికొస్తుంది, మందును లోపల దాచుకుని మట్టిలోకి మోసుకెళ్ళే బండిలా. పొగాకు మొజాయిక్ వైరస్ సన్నటి గొట్టంలా ఉంటుంది: పొడవు సుమారు 300 నానోమీటర్లు, లావు 18. ఒకదాని వెనక ఒకటి పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో 3,000కు పైగా పడతాయి. సుమారు 2,130 ప్రొటీన్ ముక్కలు మెలికల మెట్లలా పేర్చుకుంటే ఒక గొట్టం. దాని చుట్టమైన టొబాకో మైల్డ్ గ్రీన్ మొజాయిక్ వైరస్‌దీ అదే రూపం. గొట్టం లోపలి గోడకు ఋణావేశం, నా ఊదామందుకు ధనావేశం. కలిపితే మందే లోపలికి వెళ్ళి అంటుకుంటుంది. శాస్త్రవేత్తలు నిజంగానే ఆ రంగునే అందులో నింపి పురుగుల మీద ప్రయోగించారు. మరో వైరస్ ఉంది, గుండ్రంగా బంతిలా ఉంటుంది. దాన్నుంచి కాల్షియం తీసేస్తే చిన్న చిన్న రంధ్రాలు తెరుచుకుంటాయి, మందు లోపలికి పంపి మళ్ళీ మూసేస్తారు. అబామెక్టిన్‌ను అలాగే నింపి చూశారు.

నాకు బాగా నచ్చింది 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలో నికోల్ స్టైన్‌మెట్జ్ బృందం చేసిన పని. మట్టి నింపిన గొట్టాల్లోకి రకరకాల నానోకణాలను పోసి, ఏది ఎంత లోతుకు పోతుందో కొలిచారు. ఫైసాలిస్ మొజాయిక్ అనే మరో మొక్కల వైరస్ బుల్లి బంతి, సులువుగా జారిపోతుందనుకుంటాం. అది 4 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. పొడుగాటి మైల్డ్ గ్రీన్ వైరస్ మాత్రం 30 సెంటీమీటర్ల దాకా దిగింది. అయితే ఇది ప్రయోగశాలలో మట్టి. పొలంలో నెర్రెలుంటాయి, వానపాముల బొరియలుంటాయి, ఒకచోట ఇసక, ఇంకోచోట జిగురు.

మరి మొక్కలకు జబ్బు రాదా అంటారు. రావచ్చు! ఈ మైల్డ్ గ్రీన్ వైరస్‌నే బతికుండగా అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ముళ్ళ కలుపుమొక్కను చంపడానికి వాడతారు. మిరప కూడా దాని బారిన పడుతుంది. అందుకని మందు మోయించే ముందు అతినీలలోహిత కాంతితోనో, ఫార్మలిన్‌తోనో దాన్ని చంపే పద్ధతులు చూశారు. లోపలి జన్యుపదార్థం పాడవుతుంది, గొట్టం నిలుస్తుంది. మనుషులకు మొక్కల వైరస్‌లు సోకవు, ఆ టెన్షన్ వద్దు.

అసలు కష్టం పట్టులో ఉంది. దారిలో మందు జారిపోకూడదు, వేరు దగ్గరికొచ్చాక గొట్టం దాన్ని పట్టుకుని కూర్చోకూడదు. వదులైతే నా కుండీలోలాగే పైమట్టికే అంటుకుంటుంది. ఆ కోసిన మట్టిగడ్డ దాచి ఉంచాను. వచ్చినప్పుడు చూపిస్తాను, ముట్టుకోవద్దు.

ఇట్లు,
మీ తాతయ్య