పన్నెండు మీద ఏడు: సవర భాష వెనక కథ

ఆగస్టు 29 వచ్చిందంటే మన శ్రీకాకుళం జిల్లా బడుల్లో గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేస్తాం. వాడుక భాష కోసం ఆయన ఎంత పోరాడారో పిల్లల చేత వ్యాసాలు రాయిస్తాం. ఆ వ్యాసాల్లో ఎక్కడో ఒకచోట ‘సవర భాషకు కూడా సేవ చేశారు’ అని ఒక వాక్యం వచ్చి వెళ్లిపోతుంది. అసలు కథంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉందని నేను నమ్ముతాను. మెళియాపుట్టి, మందస, సీతంపేట కొండల్లో ఉండే సవర అనే గిరిజన జాతి పిల్లలకు ఒకటో తరగతి ఎందుకంత కష్టమవుతుందో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

గిడుగు 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. ఆ ఊరి చుట్టూ కొండలే, కొండల నిండా సవరలే. వాళ్ల భాషకు అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక దళితుణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర కూర్చుని గిడుగు సవర నేర్చుకున్నారు. 1880ల్లో ఒక బ్రాహ్మణ పంతులు అలా చేయడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత కొండలెక్కి తిరిగారు. మలేరియా పట్టుకుంది. మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. సవర మాటల్ని చెవి రిక్కించి విని రాసుకున్న మనిషికి ఆ చెవులే పోయాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

దాదాపు అదే కాలంలో అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ అనే మానవ శాస్త్రవేత్త ఇలాంటి పనిలోనే ఉన్నాడు. అడవి జాతుల మాటల్లో ధ్వనులకు నిలకడ ఉండదని, ఒకే మాటను ఒక్కోసారి ఒక్కోలా పలుకుతారని అప్పటి పండితులు అనేవారు. బోయాస్ 1889లో రాసిన వ్యాసం ఆ వాదాన్ని తిప్పికొట్టింది. పలికేవాళ్లు సరిగ్గానే పలుకుతున్నారు, వినేవాడే తన భాషకు అలవాటుపడ్డ చెవితో వింటున్నాడు, తప్పు అక్కడ ఉందన్నాడు. ఒక జాతిని తెలుసుకోవాలంటే దుబాసీ మీద ఆధారపడకుండా వాళ్ల భాష నేర్చుకోవాలన్న పట్టుదల మానవ శాస్త్రంలో ఆయనతోనే బలపడింది.

సవర దగ్గరికి వస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. కొన్ని సవర మాటల్లో గొంతు టక్కున మూసుకుంటుంది. తెలుగు చెవికి అది అందదు, మన అక్షరాల్లో దానికి చోటూ లేదు. సవర తెలుగుకు చుట్టం కూడా కాదు. అది ముండా భాష. సంతాలీ, ముండారీ దాని దగ్గర బంధువులు, కాంబోడియా ఖ్మేర్ దూరపు బంధువు. అదే కొండల్లో జాతాపులు మాట్లాడే కువి మాత్రం మన ద్రావిడ కుటుంబంలోదే. ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అనడానికి మనకు మూడు మాటలు కావాలి. సవరలో పట్టుకోవడం, పులి, నువ్వు, ముగ్గురూ ఒకే మాటలో ఇమిడిపోతారు. గిడుగు ఇవన్నీ పట్టుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. లోకంలో ముండా భాషల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ వాటిని తెరుస్తూనే ఉంటారు.

భాషతో పాటు ఏం పోతుందో 1970ల నుంచి ఒడిశా వైపు సవరల మధ్య ఉండి గమనించిన మానవ శాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ రాతల్లో కనబడుతుంది. సవరలు చనిపోయినవాళ్లతో మాట్లాడతారు. పూనకం వచ్చినామె నోట చచ్చిన తండ్రి పలుకుతాడు. కూతురు ఏడుస్తుంది, దెబ్బలాడుతుంది, ఎందుకు పోయావని నిలదీస్తుంది. పోయినవాళ్లతో బంధం ఆ మాటల్లోనే నడుస్తుంది. కొత్త తరం వేరే మతాల వైపు వెళ్లాక ఆ సంభాషణ సన్నగిల్లుతూ వచ్చిందని కూడా ఆయనే రాశారు.

1936 సవరలకు పెద్ద మలుపు. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. గిడుగు అక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగు వాళ్లెక్కడ, ఒడియా వాళ్లెక్కడ అన్న లెక్క మీద గీసిన ఆ గీత సవర కొండల మధ్య నుంచి పోయింది. సవరలెక్కడ అన్న ప్రశ్న ఆ లెక్కలోకే రాలేదు. అదే ఏడు అటువైపు మంగై గొమాంగో సవరకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపి తయారుచేశారు. ఇటువైపు సవర తెలుగు లిపిలోకి వచ్చింది. ఒకే భాషకు రెండు రాతలు, మధ్యలో రాష్ట్ర సరిహద్దు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కువి, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పాఠాలు మొదలయ్యాయి. తెలుగు లిపిలో పుస్తకాలు వచ్చాయి. మంచి పని. కానీ పుస్తకం ఒక్కటే ఉంటే చాలదు. దాన్ని సవరలో చదివి చెప్పే మనిషి కావాలి. సవర రాని మాస్టారు ఒంటరిగా ఆ క్లాసులో నిలబడితే పిల్లలకూ టెన్షనే, ఆయనకూ టెన్షనే.

‘ఏమిటి’ అనడానికి మా యాసలో ‘ఏటి’ అన్నందుకు నన్ను చూసి ఒక పట్నం కాలేజీలో క్లాసంతా నవ్వింది. నెల రోజులు నోరు విప్పలేదు. నాది యాస మాత్రమే. ఆ పిల్లలది ఏకంగా వేరే భాష.

లెక్కలే చూడండి. మన ‘పంతొమ్మిది’లో పది, తొమ్మిది ఉన్నాయి. సవరలో పన్నెండును ‘మిగ్గెల్’ అంటారు, అక్కడి నుంచి దాని మీద ఒకటి, దాని మీద రెండు అని పోతారు. పంతొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. ముప్పై మూడు అంటే ఇరవై, దాని మీద పన్నెండు, దాని మీద ఒకటి. అమ్మతో సంతకెళ్లి అనాసపళ్లు ఇలా ఎంచడం నేర్చిన పిల్లాడు బడికొచ్చి పలక మీద పదుల స్థానం, ఒకట్ల స్థానం చూస్తాడు. పంతొమ్మిది ఎంతరా అని మాస్టారు అడిగితే బిక్కమొహం వేస్తాడు. వాడికి లెక్క వచ్చు. పన్నెండు మీద ఏడు ఎంత అని వాడి మాటలో అడిగితే వెంటనే చెబుతాడు.