గడప దాటగానే మసకబారే జీఎఫ్‌పీ

మొక్క కణం ఒక ప్రోటీన్‌ను బయటికి పంపుతోందో లేదో చూడాలంటే దానికి జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) తగిలించి మైక్రోస్కోపు కింద పెట్టడం మామూలే. బయట వెలుగు లేదు కాబట్టి పంపడం లేదని తేల్చేస్తే మాత్రం తప్పులో కాలేసినట్టే. కణపొర బయట, కణకవచాల్లోనూ (కణపు గోడల్లోనూ) వాటి మధ్య ఖాళీల్లోనూ ఉండే అపోప్లాస్ట్ ఆమ్లపు చోటు. పీహెచ్ సాధారణంగా 5, 6 మధ్య ఉంటుంది. జీఎఫ్‌పీకి మెరుగుపరచిన రూపమైన ఈజీఎఫ్‌పీ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ పట్టుకుని వెలుగు కోల్పోయే పీహెచ్) దాదాపు 6. అంటే పీహెచ్ 6 దగ్గర సగం అణువులు వెలగవు, 5కి దిగితే పదకొండింట ఒకటే మిగులుతుంది. పసుపుగా వెలిగే వైఎఫ్‌పీ పరిస్థితి ఇంకా అధ్వానం. ఎర్రగా వెలిగే ఎంచెర్రీ పీకేఏ 4.5 కంటే తక్కువ కనుక అక్కడా నిలబడుతుంది.

ఈ మసకనే పరీక్షగా మలచుకున్నవాళ్లూ ఉన్నారు. స్రవించే జీఎఫ్‌పీ బయటపడితే మసక, దారిలో ఇరుక్కుంటే కాంతి. 2000లో పొగాకు ఆకుల్లో కణం లోపలి రవాణాలో రాబ్1 ప్రోటీన్ పాత్రను ఇలాగే పట్టుకున్నారు.

ఇక బయటికి పోయే ఎంచెర్రీని మొక్కచేత తయారుచేయించే ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్ఏ). కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ 35ఎస్ ప్రమోటర్ (జన్యువును మొదలుపెట్టించే భాగం), దాని వెనక సిగ్నల్ పెప్టైడ్, ఆపైన ఎంచెర్రీ, చివర నాస్ టెర్మినేటర్ (ఆపే భాగం). ఈ వరుసంతా టీ-డీఎన్ఏ (ఆగ్రోబాక్టీరియా అనే బాక్టీరియా మొక్క కణంలోకి చేరవేసే ముక్క) సరిహద్దుల లోపల ఉండాలి. సిగ్నల్ పెప్టైడ్ అంటే ప్రోటీన్‌ను బయటికి పోయే దారి పట్టించే ఇరవై ముప్పై అమైనో ఆమ్లాల ముక్క. ప్రోటీన్ మొదట్లోనే ఉండాలి. దాని ముందు హిస్ ట్యాగ్ (ప్రోటీన్‌ను శుద్ధి చేయడానికి తగిలించే హిస్టిడిన్ల వరుస) పెడితే పని చెడుతుంది. కలిపే చోట అదనంగా వచ్చే బేసులు మూడు గుణిజంలో లేకపోతే రీడింగ్ ఫ్రేమ్ (బేసులను మూడేసిగా చదివే వరుస) తప్పి రంగే రాదు. చివర హెచ్‌డీఈఎల్ అనే నాలుగు అమైనో ఆమ్లాల గుర్తు మిగిలిందో, ప్రోటీన్ కణం లోపలి వల లాంటి అంతర్జీవ ద్రవ్యజాలంలోనే ఆగిపోతుంది. సిగ్నల్ పెప్టైడ్ లేని ఎంచెర్రీని కూడా పక్కనే తయారుచేసుకోవాలి. పోల్చడానికి అదే ఆధారం.

ఈ ప్లాస్మిడ్ ఉన్న ఆగ్రోబాక్టీరియాను 28 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి, సెంట్రిఫ్యూజ్‌లో దించి, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ మెస్ బఫర్ (పీహెచ్ 5.6), 150 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ (డీఎన్ఏ చేరవేతకు బాక్టీరియాను ప్రేరేపించే పదార్థం) ఉన్న ద్రావణంలో కలపాలి. ఓడీ (బాక్టీరియా సాంద్రతను చెప్పే కొలత) 0.1 నుంచి 0.3 చాలు. రెండు మూడు గంటలు ఆగి, సూది తీసేసిన సిరంజితో నికోటియానా బెంథామియానా (పొగాకు జాతి మొక్క) ఆకు అడుగువైపు నుంచి ఎక్కించాలి. రెండు మూడు రోజుల్లో చూడొచ్చు. ఎక్కువ కాంతి వస్తుందని ఓడీ పెంచి, పైగా పీ19 (జన్యువును మొక్క అణచివేయకుండా ఆపే వైరస్ ప్రోటీన్) కూడా కలిపితే లోపలి దారులు కిక్కిరిసి, స్రవించాల్సిన ప్రోటీన్ కూడా అంతర్జీవ ద్రవ్యజాలంలో వలలా కనిపిస్తుంది. ఆ వలను చూసి లోపలే ఉంటోందని అనుకోకూడదు.

అసలు చిక్కు మరొకటి. ఆకు కణాన్ని దాదాపు మొత్తం రిక్తికే (నీటి సంచి లాంటి వాక్యుయోల్) ఆక్రమించడంతో, కణద్రవ్యం పలుచని పొరగా గోడకు అతుక్కుని ఉంటుంది. రెంటినీ మైక్రోస్కోపు విడదీయలేదు. ఆకు ముక్కను 0.8 మోలార్ మానిటాల్‌లో పావుగంట ఉంచితే కణపొర గోడ నుంచి ముడుచుకుంటుంది. ఎరుపు ఆ ముడుచుకున్న సంచిలో కాకుండా గోడలోనూ, మధ్య ఖాళీలోనూ నిలిస్తే అది నిజంగా బయటపడ్డట్టు. పత్రహరితం కూడా ఎరుపే వెలుగుతుంది, 680 నానోమీటర్ల దగ్గర. అందుకే ఎంచెర్రీని 600–640 మధ్యే పట్టాలి. జీఎఫ్‌పీతోనే ముందుకెళ్లక తప్పకపోతే ఆకులోకి పీహెచ్ 8 బఫర్ ఎక్కించి మళ్లీ చూడండి. ఆమ్లం వల్ల మసకబారి, విరగకుండా మిగిలిన అణువులు తిరిగి వెలుగుతాయి.