సంతకంతో కల్వర్టు రాదు: నియోజకవర్గ నిధులపై అపోహలు – వాస్తవాలు

మొన్న సోమవారం పొద్దున్నే ఒక పెద్దాయన క్యాంపు ఆఫీసుకు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతల కాయితం. ఊరి వాగు మీద కల్వర్టు కావాలని మూడేళ్ల కింద ఇచ్చిన అర్జీ నకలు అది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. "సారూ, మీరొక్క సంతకం పెడితే అయిపోతది గదా" అన్నారు. సంతకాలు ఆ కాయితం మీద అప్పటికే మూడున్నాయి: అప్పటి ఎమ్మెల్యేది, సర్పంచుది, ఎంపీటీసీది. లేనిదల్లా ఎస్టిమేటు, అంటే ఖర్చు అంచనా.

మూడేళ్లలో ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. తెలంగాణలో ఒక శాసనసభ్యుడిగా నిధుల గురించి రోజూ నా చెవిన పడే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో మీకు తెలియాలి.

అపోహ: ఎమ్మెల్యే గట్టిగా అనుకుంటే నిధులు మంజూరవుతాయి.

వాస్తవం: రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం గవర్నర్ సిఫార్సు లేకుండా సభలో ఏ పద్దూ (ఖర్చుకు డబ్బు కోరే ప్రతిపాదన) ప్రవేశపెట్టడానికి వీల్లేదు. అంటే ప్రభుత్వం తెచ్చిన పద్దును సభ్యుడు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించమని కోత తీర్మానం ఇవ్వవచ్చు. ఒక్క రూపాయి పెంచే అధికారం మాత్రం లేదు. నేను చేయగలిగింది సభలో ప్రశ్న వేయడం, మంత్రికి ఉత్తరం రాయడం, ఫైలు ఎక్కడ ఆగిందో వెంటపడి కనుక్కోవడం.

ఇక పని మెట్లు చూడండి. ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలతలు తీసి ఎస్టిమేటు వేయాలి. తర్వాత పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు. పని అయ్యాక ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కించి బిల్లు చేస్తారు. బిల్లుకు టోకెన్, అంటే చెల్లింపు వరుసలో ఒక నంబరు, పడుతుంది. టోకెన్ పడ్డాక కూడా నెలల తరబడి డబ్బు రాక, అప్పు తెచ్చి పని చేసిన చిన్న కాంట్రాక్టర్లు వడ్డీలు కట్టుకుంటున్నారు. "జీవో వచ్చింది" అంటే అనుమతి వచ్చిందని మాత్రమే అర్థం. మంజూరు వేరు, విడుదల వేరు.

ఈ విషయంలో నా తప్పూ ఉంది. మొదటి ఏడాది అగ్రిమెంటు కాని ఒక సీసీ రోడ్డుకు కొబ్బరికాయ కొట్టాను. శిలాఫలకం నిలబడింది, రోడ్డు పడలేదు. ఆ వీధి వాళ్లకు క్షమాపణ చెప్పుకున్నాను. అగ్రిమెంటు కాయితం చూడకుండా ఇక ఏ పనికీ శంకుస్థాపన చేయను.

అపోహ: పంచాయతీల డబ్బు కేంద్రం కక్షగట్టి ఆపింది. లేదా, రాష్ట్రమే తినేసింది.

వాస్తవం: ఈ రెండు మాటలూ పార్టీని బట్టి వినిపిస్తాయి. జరిగింది చెప్తాను. 2019లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే గ్రాంటు ఇవ్వాలన్నది 15వ ఆర్థిక సంఘం పెట్టిన షరతు. గత సంవత్సరాల లెక్కలు ఆన్‌లైన్‌లో ఉండాలన్నది ఇంకో షరతు. మన దగ్గర ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది, బీసీ రిజర్వేషన్ల పేచీ హైకోర్టుకెక్కింది, చివరికి ఎన్నికలు 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగాయి. ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్న షరతు వల్లే గ్రాంట్లు ఆగిపోయాయి.

షరతు తప్పని నేను అనను. ఎన్నికలు పెట్టకుండా అధికారులతో నడిపించే అలవాటుకు అది అడ్డుకట్ట. కానీ దెబ్బ పడింది ఎవరి మీద? మా మండలంలో ఒక పంచాయతీ కార్యదర్శి చెత్త ట్రాక్టరుకు సొంత జీతంలోంచి డీజిల్ పోయించారు. బంకు చీటీలు రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నారు. 500, 800, మళ్లీ 500. కొన్ని చీటీల మీద సిరా ఎగిరిపోయి తెల్లకాయితం మిగిలింది. ఇప్పుడు వాటిని ఏ పద్దు కింద చూపించాలో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఈ ప్రశ్న నేను పై అధికారులకు రాతపూర్వకంగా పంపాను.

కొత్త సర్పంచులకు ఒక మాట. 15వ ఆర్థిక సంఘం (2021–26) డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు గానీ, జీతాలకు వాడకూడదు. కాబట్టి గెలిచిన ఊపులో కమాన్లు కట్టిస్తామని మాట ఇవ్వకండి. ఊరి ప్రణాళికలో లేని పనికి ఈ డబ్బు రాదు. ప్రణాళిక తయారయ్యేది గ్రామసభలో. ఏ పనికి ఎంత పెట్టారో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు, ఫోన్‌లోనే.

అపోహ: ఢిల్లీ నుంచి వచ్చేదంతా కేంద్రం దయ.

వాస్తవం: పన్నుల్లో వాటా రాష్ట్రాల హక్కు. 280వ అధికరణ కింద ఏర్పడే ఆర్థిక సంఘం దాన్ని తేలుస్తుంది. 2021–26 కాలానికి రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం, అందులో తెలంగాణకు 2.102 శాతం. ఆ కాలంలో పంచుకునే ప్రతి వంద రూపాయల్లో మనకు వచ్చింది సుమారు 86 పైసలు. ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, అంటే సుమారు రూపాయి 66 పైసలు. 2015–20లో మన వాటా 2.437 శాతం ఉండేది. తలసరి ఆదాయంలో వెనకబడిన రాష్ట్రాలకు ఎక్కువ ఇవ్వాలన్న సూత్రానికి 15వ ఆర్థిక సంఘం 45 శాతం మార్కులు వేసింది, మన తలసరి ఆదాయమేమో ఎక్కువ. అక్కడ తగ్గాం. సెస్సులు, సర్‌చార్జీలు అసలు పంపకంలోకే రావు. రాష్ట్రాలన్నీ ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది దీని గురించే.

2020-21లో తెలంగాణ వాటా ముందటేడు కన్నా పడిపోతోందని 723 కోట్ల ప్రత్యేక గ్రాంటు ఇవ్వమని ఆర్థిక సంఘమే చెప్పింది. కేంద్రం ఒప్పుకోలేదు. అది అన్యాయమని సభలోనూ బయటా అన్నాను. అదే నోటితో హైదరాబాదునూ అడగాలి. రాష్ట్రం తన ఆదాయంలోంచి పంచాయతీలకు ఎంత ఇవ్వాలో చెప్పేందుకు రాష్ట్ర ఆర్థిక సంఘం ఉండాలని రాజ్యాంగమే చెప్పింది. పై నుంచి మనకు రావలసింది అడిగేటప్పుడు కింద ఊరికి చేరవలసింది మరిచిపోతే ఎట్లా?

అపోహ: ఎంపీకి ఏటా 5 కోట్లు చేతికొస్తాయి.

వాస్తవం: ఆయన పని సిఫార్సు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. డబ్బు ఎంపీ ఖాతాలో పడదు. మన రాష్ట్రంలో ఒక లోక్‌సభ స్థానం కింద 7 అసెంబ్లీ నియోజకవర్గాలుంటాయి. సమానంగా పంచినా ఒక్కో దానికి 71 లక్షలు. దళిత వాడలకు 15 శాతం, గిరిజన ప్రాంతాలకు 7.5 శాతం తప్పనిసరి. గుడికి, మసీదుకు, చర్చికి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. అలా అడిగి నిరాశపడకండి. బడి గదులు, తాగునీటి పనులు అడగండి.

అపోహ: ఆడపిల్ల పెళ్లికి సాయంగా వచ్చే కల్యాణలక్ష్మి చెక్కు ఎమ్మెల్యే ఇస్తారు.

వాస్తవం: 1,00,116 రూపాయలు ప్రభుత్వానివి, అంటే మీవి. ముఖ్యమంత్రి సహాయ నిధి కూడా అంతే. దానికి ఆస్పత్రి అసలు బిల్లులు జాగ్రత్తగా పెట్టుకోండి, జిరాక్సులతో పని కాదు. నా ఆఫీసు పేరు చెప్పి ఎవరైనా వాటా అడిగితే నేరుగా నాకే చెప్పండి.

ఇంక, ఎవరూ అడగక చేయిజారిపోతున్నవి రెండున్నాయి. సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ఉపకార వేతనం పరీక్ష ఉంది. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. హాస్టల్ ఉన్న గురుకులాల పిల్లలకు ఇది వర్తించదు. మా నియోజకవర్గంలో కొన్ని బళ్ల నుంచి ఒక్క దరఖాస్తు కూడా పోలేదు. హెడ్మాస్టర్లను ఒక్కొక్కరినీ కలుస్తున్నాను.

రెండోది చేతివృత్తుల వారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, రజక, మంగలి వంటి 18 వృత్తులకు హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టాక 2 లక్షల దాకా అప్పు. పనిముట్లకు 15,000. చేనేత ఈ జాబితాలో లేదు. మగ్గం నేసే అన్నలు కొందరు మీసేవ చుట్టూ తిరిగి అలసిపోయారు, అందుకే చెప్తున్నాను. దరఖాస్తును ఊళ్లో మొదట పరిశీలించేది పంచాయతీ. ఇప్పుడు సర్పంచులున్నారు, ఆగిపోయిన దరఖాస్తులు ముందుకు కదిలించమని అడగండి.

అర్జీతో వచ్చేవారు పని పేరుతో పాటు అది ఏ మెట్టు మీద ఉందో ఏఈని అడిగి రాసుకుని రండి. ఆ ఒక్క ముక్క ఉంటే నేను ఎవరికి ఫోన్ చేయాలో వెంటనే తెలుస్తుంది. పెద్దాయన కల్వర్టుకు కొలతలు తీయడానికి పంచాయతీరాజ్ ఏఈ ఈ గురువారం వాగు దగ్గరికి వస్తున్నారు. పొద్దున తొమ్మిదికల్లా తానే అక్కడుంటానని, వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గుర్తు చూపిస్తానని ఆయన చెప్పి వెళ్లారు.