హదేరాలో కుంగుబాటు ఎవరికి ఎక్కువ?

ఇజ్రాయెల్ తీరంలో, టెల్ అవీవ్‌కూ హైఫాకూ నడుమ, హదేరా అనే పట్టణం ఉంది. ఆ ప్రాంతంలో యూదుల ఊళ్లూ అరబ్బుల ఊళ్లూ పక్కపక్కనే ఉంటాయి. అరబ్బులంటే ఇక్కడ ఇజ్రాయెల్ పౌరులే. దేశ జనాభాలో సుమారు ఐదో వంతు. ఆ ప్రాంతంలో రెండు వర్గాల పెద్దవాళ్లనూ ప్రశ్నించి చూస్తే, డిప్రెషన్ లక్షణాలు అరబ్బుల్లో రెట్టింపుకు పైగా కనిపించాయి.

ఇంతవరకే విన్నవాళ్లు "అది వాళ్ల సంస్కృతిలోనే ఉంది" అనేస్తారు. ఆ తొందరే నన్ను బాధపెడుతుంది. ఎందుకంటే స్త్రీపురుష భేదం, చదువు, ఆదాయం, అండగా నిలిచే మనుషులు, ఈమధ్య పడిన కష్టాలు లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడాలో చాలా భాగం వీటివల్లే అని అదే అధ్యయనంలో తేలింది. మనసు కుంగడానికి జాతి కన్నా బతుకు పరిస్థితులే పెద్ద కారణమన్నమాట.

ఆ పరిస్థితులు ఊరికే రాలేదు. 1948లో దేశం ఏర్పడినప్పటి నుంచి 1966 దాకా అరబ్బు పౌరులు సైనిక పాలన కింద బతికారు. ఇప్పటికీ అరబ్బు కుటుంబాల్లో పేదరికం దేశ సగటుకు దాదాపు రెట్టింపు. దక్షిణాన ఉన్న నెగెవ్ ఎడారిలో ప్రభుత్వ గుర్తింపు లేని బెదూయిన్ (ఒకప్పుడు సంచారజీవులైన అరబ్బుల) పల్లెలకు కరెంటు లైను కూడా ఉండదు. ఉద్యోగం చేసే అరబ్బు స్త్రీలు యూదు స్త్రీల కంటే చాలా తక్కువ. చేతిలో సొంత డబ్బు లేక, ఇల్లు దాటి వెళ్లే వీలూ లేక ఉన్న మనిషికి టెన్షన్ ఎక్కువని చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. 2003–04లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో మానసిక వేదన అరబ్బుల్లోనే ఎక్కువ కనిపించింది. కానీ డిప్రెషన్, ఆందోళన వంటి రుగ్మతలను వైద్య ప్రమాణాల ప్రకారం వివరమైన ఇంటర్వ్యూతో లెక్కిస్తే రెండు వర్గాలూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఏది నిజం? నా దృష్టిలో రెండూ నిజమే. ప్రశ్నావళి నిద్ర పట్టడం లేదా, దిగులుగా ఉందా అని అడుగుతుంది. రోజువారీ కష్టం అందులో తేలిగ్గా దొరుకుతుంది. డిప్రెషన్ రుగ్మత అని తేల్చాలంటే కొన్ని లక్షణాలు కలిసి రావాలి, కనీసం రెండు వారాలు ఉండాలి, పనికి అడ్డుపడాలి. పైగా తెలియని మనిషి ఎదుట కూర్చుని అవన్నీ ఒప్పుకోవాలి. తలనొప్పి అనీ, గుండె బరువుగా ఉందనీ చెప్పుకునే వ్యక్తి ఆ జల్లెడలోంచి జారిపోవచ్చు.

సంస్కృతి అసలు పనిచేసేది ఇక్కడ, అంటే బాధను ఎలా చెప్పుకుంటారు, ఎవరికి చెప్పుకుంటారు అన్న చోట. అరబ్బుల్లో పెద్ద కుటుంబం గొప్ప ఆసరా. ఆ కుటుంబం పరువు కోసమే బాధను దాచుకోవాల్సి వస్తే అదే భారం కూడా. ఇది అరబ్బులకే పరిమితం కాదు. మతాచారాలను కట్టుదిట్టంగా పాటించే హరేదీ యూదుల్లోనూ ఇంట్లో ఒకరు మానసిక సమస్యకు మందులు వాడుతున్నారని తెలిస్తే తోబుట్టువుల పెళ్లి సంబంధాలు చెడిపోతాయని భయం. మన ఊళ్లలోనూ ఈ భయం లేకపోలేదు. యూదులంతా ఒకటే అనుకోవడమూ పొరపాటే: 1990ల్లో పూర్వపు సోవియట్ దేశాల నుంచి వచ్చిన లక్షలాది మందికి కొత్త భాష, చదువుకు తగని ఉద్యోగం వేరే దిగులు తెచ్చిపెట్టాయి.

పరిస్థితులు మనసును ఎంత కుదిపేస్తాయో చూపే ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఇజ్రాయెల్‌పై 2023 అక్టోబర్ 7న హమాస్ చేసిన దాడి తర్వాత, యుద్ధం నడుస్తుండగా, యూదులూ అరబ్బులూ ఇద్దరూ ఉన్న ఒక బృందాన్ని పరిశీలించారు. అంతకుముందు ఆగస్టులో వాళ్లలో సుమారు 31 శాతానికి డిప్రెషన్ ఉండవచ్చని ప్రశ్నావళి సూచిస్తే, దాడి జరిగిన కొన్ని వారాలకు అది 45 శాతానికి చేరింది.

వైద్యం సంగతికొస్తే, పైన చెప్పిన జాతీయ సర్వేలో అరబ్బులు సాయం కోసం వెళ్లింది తక్కువ. 2015లో మానసిక వైద్యాన్ని ఆరోగ్య నిధుల (పౌరులకు ఆరోగ్య బీమా, వైద్యం అందించే సంస్థల) కిందికి తెచ్చాక ఫీజు అడ్డంకి కొంత తగ్గింది. కానీ అరబిక్‌లో మాట్లాడే మనస్తత్వ నిపుణులు జనాభాకు తగినంత మంది లేరు. ఇంటి గొడవనూ, లోపలి భయాన్నీ హీబ్రూలో చెప్పమంటే చాలామంది కుటుంబ డాక్టరు దగ్గర నొప్పి మాత్ర తీసుకుని వెళ్లిపోతారు. అందుకే ముందుగా కావలసింది ఆ డాక్టరు అరబిక్‌లో ఇంకో రెండు ప్రశ్నలు అడగడం, అడిగాక పంపడానికి దగ్గర్లో అరబిక్ తెలిసిన నిపుణులు ఉండడం.