లాప్‌టాప్‌లో దొరికింది సరే, పెట్టిందెవరు?

మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ కొందరు హక్కుల కార్యకర్తల్ని, రచయితల్ని అరెస్టు చేసిన భీమా కోరేగావ్ కేసు పేరు మళ్ళీ వినపడగానే, వాళ్ళలో ఒకరి లాప్‌టాప్‌లో దొరికిన ఉత్తరాల మీద పాత మాటలు రెండూ మళ్ళీ మొదలయ్యాయి. "ఉత్తరాలు లాప్‌టాప్‌లోనే దొరికాయి కదా, ఇంకేం కావాలి" అని ఒకరు, "అన్నీ తెచ్చి పెట్టినవే" అని ఇంకొకరు. 2018 జనవరి 1న అక్కడేం జరిగింది, ఎల్గార్ పరిషత్ ఏమిటి, ఎవరిని ఎప్పుడు పట్టుకెళ్ళారు అన్నవి అందరూ చదివినవే కాబట్టి వదిలేస్తున్నా. నా లెక్కలో అసలు కథ అంతకు ఏడాదిన్నర ముందు, 2016 జూన్ 13 సాయంత్రం 6 గంటల 18 నిమిషాలకి మొదలైంది.

ఆ రోజు ఢిల్లీలో ఉన్న, తర్వాత ఈ కేసులో నిందితుడైన రోనా విల్సన్‌కి వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి మెయిళ్ళు వచ్చాయి. ఫలానా ఫైలు తెరిచి చూడమని ఒకటికి రెండుసార్లు అడిగితే, చివరికి తెరిచారు. ఫైలు పేరు "అనదర్ విక్టరీ". పైకి ఏదో మామూలు కాగితం కనపడింది, వెనక మాత్రం నెట్‌వైర్ అనే మాల్వేర్ దిగింది, అంటే ఆ లాప్‌టాప్‌ని ఎక్కడో కూర్చుని నడిపే వీలు ఇంకొకరికి వచ్చేసింది. (వరవరరావు ఖాతా అన్నాను గానీ వరవరరావు అనలేదు. ఇదంతా బయటపెట్టిన ఫోరెన్సిక్ రిపోర్టు కూడా "ఆ ఖాతా వాడుతున్న వ్యక్తి" అనే అంది.)

ఇది అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ విల్సన్ లాయర్ల తరఫున డిస్క్ కాపీని చూసి చెప్పిన విషయం. రిపోర్టు 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. దాని ప్రకారం బయటి వ్యక్తి ఆ లాప్‌టాప్‌లో 22 నెలల పైన తిరిగాడు. ఒక ఫోల్డర్ తయారుచేసి, కనపడకుండా దాచి, కేసుకి ఆయువుపట్టైన పది ఉత్తరాలు అందులో వేశాడు. ఆ మెషీన్‌లో ఉన్నది వర్డ్ 2007, ఉత్తరాల్లో కొన్ని అంతకన్నా కొత్త వర్డ్‌లో తయారైనవి. విల్సన్ వాటిని ఒక్కసారైనా తెరిచిన ఆనవాలు లేదు. ఆ ఫోల్డర్‌లో చివరి మార్పు 2018 ఏప్రిల్ 16 సాయంత్రం 4:50కి జరిగింది. పోలీసులు తలుపు తట్టింది ఏప్రిల్ 17 పొద్దున. ఇదే కేసులో ఇంకో నిందితుడు స్టాన్ స్వామి కంప్యూటర్ మీద అదే సంస్థ తర్వాత ఇచ్చిన రిపోర్టులోనూ ఇలాంటిదే ఉంది: సోదాకి ముందు రాత్రి, 2019 జూన్ 11న, లోపలున్నవాడు తన జాడలు తుడిచే పనిలో పడ్డాడు.

కేసు నడుపుతున్న జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ మాట వేరు. తమ ఫోరెన్సిక్ పరీక్షలో మాల్వేర్ ఏదీ కనపడలేదని, వేరే సాక్ష్యాలు కూడా ఉన్నాయని, ఆర్సెనల్ రిపోర్టు చార్జిషీట్‌లో భాగం కాదు కాబట్టి అలాంటివి విచారణలోనే తేలాలని వాదించింది.

ఇక్కడే హ్యాష్ విలువ గురించి చెప్పాలి, ఎందుకంటే రెండు వైపులవాళ్ళూ దాన్ని బ్రహ్మాస్త్రంలా వాడుతున్నారు. డిస్క్‌లో ఉన్న మొత్తానికి లెక్కగట్టిన ఒక పొడుగాటి అంకె అది, ఒక్క అక్షరం మారినా అంకె మారిపోతుంది. సోదా రోజే అది పంచనామాలోకి ఎక్కితే, తర్వాత స్టేషన్‌లో ఎవరూ చెయ్యి పెట్టలేదని చెప్పుకోవచ్చు. ఈ కేసులో అప్పటికప్పుడు ఇవ్వలేదన్నది నిందితుల ఫిర్యాదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ ఇచ్చి ఉన్నా ఏం తేలేది? బియ్యం బస్తాకి లక్క సీలు వేశాక ఎవరూ ముట్టుకోలేదని సీలు చెప్తుంది, సీలుకి ముందే కలిపిన రాళ్ళ సంగతి దానికేం తెలుసు? ఏప్రిల్ 17న హ్యాష్ తీస్తే, ఏప్రిల్ 16న వేసిన ఫైలు కూడా కలిపే కదా అంకె వచ్చేది.

మన కోర్టుల దృష్టి ఇన్నేళ్ళూ సీలు మీదే. 2014 సెప్టెంబర్ 18న అన్వర్ కేసులో సుప్రీంకోర్టు 65బి సర్టిఫికెట్ (ఈ కాపీ ఫలానా పరికరం నుంచి తీసిందేనని పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద రాసిచ్చే కాగితం) లేనిదే ఎలక్ట్రానిక్ కాపీ చెల్లదంది (అసలు తగాదా కేరళలో ఎన్నికల పాటల సీడీల మీద!). 2018లో షఫీ మహ్మద్ కేసులో కాస్త సడలించి, 2020 జులై 14న ఖోత్కర్ కేసులో మళ్ళీ బిగించింది. ఆరేళ్ళ వాదన అంతా కాగితం ఉందా లేదా అన్న దాని చుట్టూనే నడిచింది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63 కింద ఈ సర్టిఫికెట్‌కి రెండు భాగాలు. మొదటిది సాక్ష్యం తెచ్చినవాళ్ళు నింపాలి, రెండోది నిపుణుడు. ఏ కంపెనీ, ఏ మోడల్, సీరియల్ నంబర్ ఎంత, చివరికి రంగేమిటో కూడా అడుగుతుంది. పరికరం సరిగ్గా పనిచేస్తోందని రాసివ్వాలి. నెట్‌వైర్ ఉన్న లాప్‌టాప్ కూడా సరిగ్గానే పనిచేస్తుంది, లేకపోతే అది 22 నెలలు దాగేదే కాదు. లోపల ఇంకొకరు తిరిగారా అన్న గడి మాత్రం ఆ ఫారంలో లేదు.

విల్సన్‌కి 2025 జనవరి 8న బొంబాయి హైకోర్టు బెయిల్ ఇచ్చింది. ఆరేళ్ళకు పైగా జైల్లో ఉన్నారు, విచారణ ఇంకా మొదలు కాలేదు అన్నదే కారణం. ఆ ఉత్తరాల సంగతి అక్కడ తేలలేదు.