రౌటర్ అడుగున అంటించిన చీటీ

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మన ఇంటి రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేద్దామని మీరు పంపిన కబురు అందింది. నాకూ ఇష్టమే. పెట్టె నిక్షేపంగా ఉన్నా, దాన్ని చేసినవారు కొత్త ఫర్మ్‌వేర్, అంటే పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్, ఇవ్వడం ఎప్పుడో మానేశారు కనుక, భద్రతాలోపాలు బయటపడినా సరిదిద్దే దిక్కు లేదు.

ఆ పేరులోని డబ్ల్యూఆర్‌టీ అనేది లింక్‌సిస్ వారి డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ నుంచి వచ్చింది. అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని కనిపెట్టినవారు, దాని జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ రాసిన అసలు పాఠం, బయటపెట్టి తీరాలని పట్టుబట్టగా 2003లో అది విడుదలైంది. 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు ఆ కోడ్ మీదనే మొదలైంది. దానంగా ఇచ్చినది కాదు, అడిగి రాబట్టుకున్నది.

మీరు వచ్చేలోగా నేను పెట్టెను బోర్లించి, దుమ్ము తుడిచి, భూతద్దంతో అడుగున ఉన్న చీటీ చదివాను. మోడల్ పేరు పక్కన నువ్వుగింజంత అక్షరాల్లో ‘వీ4’ అని ఉంది. ఆ అంకెను తేలిగ్గా తీసుకోకండి. ఒకే పేరుతో, ఒకే రూపంతో అమ్మిన రౌటర్లలో కూడా వీ2లో ఒక చిప్, వీ4లో మరొక చిప్ ఉండవచ్చు. ఒకదాని ఫైలు మరొకదానికి పనికిరాదు. పాతపట్నంలో కొన్న ఒక పాత రౌటర్‌కు ఆ అంకె చూడకుండా ఫైలు ఎక్కించి, ఒకే దీపం మినుకుమంటూ ఉండిపోయిన పెట్టెను ఎదురుగా పెట్టుకుని మూడు రోజులు కుస్తీపట్టాను. చివరకు టీఎఫ్‌టీపీ అనే, కేబుల్ ద్వారా ఫైలు పంపే పద్ధతిలో కంపెనీ ఫైలునే తిరిగి ఎక్కించి బతికించాను.

ఫైళ్లు దాచే ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ మాత్రమే ఉన్న పాత పెట్టెలకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇప్పటి వెర్షన్లు పట్టవు. మనదానికి ఆ ఇబ్బంది లేదు. కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి మొదటిసారి మారేటప్పుడు ‘ఫ్యాక్టరీ’ అనే ఫైలు తీసుకోవాలి; ‘సిస్‌అప్‌గ్రేడ్’ అనేది సాధారణంగా తరువాతి మార్పులకు. దించుకున్నాక ఫైలు చెడిపోలేదని తేల్చే షా256 అనే సరిచూపు సంకేతాన్ని వెబ్‌సైట్‌లో ఇచ్చినదానితో సరిచూద్దాం. అందులో 64 అక్షరాలుంటాయి. ఒకరు పైకి చదువుతుంటే మరొకరు వేలు పెట్టి చూడాలి. కంప్యూటరే పోల్చి చెబుతుందని మీరంటారు. అయినా ఒక్కసారి కళ్లతో చూడటం నాకిష్టం.

ఎక్కించేటప్పుడు ల్యాన్ కేబుల్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే పెట్టె మొండికేస్తుంది, వానాకాలంలో మన వీధి సంగతి మీకు తెలుసు కనుక రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలుపుతాను. ఆ తరువాత 192.168.1.1 తెరిస్తే ‘రూట్’ అనే వాడుకరికి పాస్‌వర్డే ఉండదు, మొదట అదే పెట్టాలి. వైఫై కూడా సాధారణంగా ఆపి ఉంటుంది. దేశం భారత్ అని ఎంచుకుని మనమే తెరవాలి.

మామ్మ మధ్యాహ్నం నిద్రపోయాక మొదలుపెడదాం. రాత్రి ఎనిమిదికి మీ అత్తతో వీడియో కాల్ ఉంది, ఆ వేళకు వైఫై లేకపోతే నేను సమాధానం చెప్పుకోలేను.

మీ తాతయ్య