సౌలు కొడుకు పేరు మార్చిందెవరు?

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు చనిపోయాక అతని కొడుకొకడు మహనయీము అనే ఊళ్లో రెండేళ్లు రాజుగా ఉన్నాడు. సమూయేలు రెండో గ్రంథం అతన్ని ఇష్బోషెతు అంటుంది. అదే మనిషి దినవృత్తాంతముల మొదటి గ్రంథంలోని వంశావళికి వచ్చేసరికి ఎష్బయలు. తెలుగు బైబిల్లోనూ ఈ తేడా అలాగే ఉంది, కానీ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప కంటపడదు. హీబ్రూలో 'ఇష్' అంటే మనిషి, 'బోషెత్' అంటే సిగ్గు. కొడుక్కి అలాంటి పేరు ఏ తండ్రి పెడతాడు? అందులోనూ ఒక రాజు!

పెట్టిన పేరు ఎష్బయలే అని ఎక్కువమంది పండితుల మాట. 'బయలు మనిషి' అని దాని అర్థం. 'బయలు ఉన్నాడు' అని చెప్పేవాళ్లూ ఉన్నారు. యెహోవా అభిషేకం పొందిన సౌలు ఇంట్లో పరాయి దేవుడి పేరేమిటని అనుమానం రావడం సహజం. హీబ్రూలో యజమానికి, ప్రభువుకు, మొగుడికి కూడా 'బయలు' అనే మాటే వాడేవారు. మన 'స్వామి' లాంటిదన్నమాట. కనానీయుల వాన దేవుణ్ణీ అలాగే పిలిచేవారు, యెహోవాను అలా పిలవడంలోనూ అప్పట్లో తప్పేమీ కనిపించినట్టు లేదు. సౌలు పెద్దకొడుకు యోనాతాను, అంటే 'యెహోవా ఇచ్చినవాడు'. అతని తమ్ముడు ఎష్బయలు, కొడుకు మెరీబ్బయలు. దావీదు దగ్గర చేరిన వీరుల్లో బెయల్యా అని ఒకడున్నాడు. ఆ పేరుకు 'యెహోవాయే ప్రభువు' అని అర్థం, రెండు మాటలూ ఒకే పేరులో ఇమిడిపోయాయి. దావీదు సొంత కొడుకు ఒకడు కూడా ఒక గ్రంథంలో బెయెల్యెదా, ఇంకో గ్రంథంలో ఎల్యాదా.

ఆ మాట చెడింది తర్వాత. క్రీ.పూ. 9వ శతాబ్దంలో ఇశ్రాయేలు రాజు అహాబు పెళ్లాడిన యెజెబెలు ఫెనీకియా రాజకుమార్తె. ఆమె తండ్రి ఎత్బయలు పేరులోనూ బయలే. ఆమెతోపాటు ఆ దేవుడి పూజ రాజాస్థానానికి వచ్చింది, దాంతో ఏలీయా ప్రవక్తతో గొడవ మొదలైంది. ఆ తర్వాతి శతాబ్దంలో హోషేయ ప్రవక్త ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఇశ్రాయేలు ఇకమీద యెహోవాను 'నా బయలు' అనకూడదు, 'నా పురుషుడు' అనాలి, ఆ పేర్లే నోట రాకూడదు అన్నాడు. మొగుడు అనే అర్థం కూడా ఉన్న మాట కాబట్టే ఆ మందలింపు అంత సూటిగా తగిలింది.

దాన్ని అక్షరాలా పాటించినవాళ్లు లేఖకులు. సమూయేలు గ్రంథాన్ని చూసి రాస్తూ, బయలు ఉన్నచోట బోషెత్ పెట్టారు. మెరీబ్బయలు మెఫీబోషెతు అయ్యాడు. న్యాయాధిపతుల గ్రంథంలో యెరుబ్బయలు అనిపించుకున్న గిద్యోను సమూయేలులో యెరుబ్బెషెతుగా మారాడు. దినవృత్తాంతముల్లో మాత్రం పాత పేర్లు మిగిలిపోయాయి. ఉత్త పేర్ల పట్టికల మీద ఎవరూ అంత శ్రద్ధ పెట్టి ఉండరని నా ఊహ.

దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. పాత మెసొపొటేమియా భాష అక్కదియన్‌లో 'బాష్తు' అంటే గౌరవం, కాపాడే శక్తి. బోషెత్ దానికి చుట్టమేనని, ఇష్బోషెతు మంచి పేరేనని 1975లో మతిత్యాహు త్సెవాత్ అనే పండితుడు వాదించాడు. వాదం బాగానే ఉంది కానీ హీబ్రూ బైబిలుకు పూర్వం చేసిన గ్రీకు అనువాదం దానికి అడ్డం పడుతుంది. గ్రీకులో బయలు మగ దేవుడే. అయినా యిర్మీయా గ్రంథం గ్రీకు అనువాదంలో ఆ పేరు ముందు చాలాచోట్ల స్త్రీలింగ ఉపపదం (ఇంగ్లీషు 'the' లాంటిది) కనిపిస్తుంది. పౌలు రోమా పత్రిక 11:4లోనూ అంతే. గ్రీకులో 'సిగ్గు' అనే మాట స్త్రీలింగం. కంటికి బయలు అని కనబడినా పైకి 'సిగ్గు' అని చదివేవారని, ఆ ఉపపదం దాని గుర్తేనని పండితుల వివరణ. ఒకటో రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో గ్రీకు అనువాదకుడు ఆ మొహమాటం కూడా పెట్టుకోలేదు, బయలు ప్రవక్తలను నేరుగా 'సిగ్గు ప్రవక్తలు' అనేశాడు. ఇంత సాక్ష్యం ఉండగా త్సెవాత్ వైపు మొగ్గడం నాకు కష్టం.

తవ్వకాల్లో దొరికినవీ ఇటే చెబుతున్నాయి. దావీదు గొల్యాతుతో తలపడిన ఏలా లోయ పక్కనే ఖిర్బెత్ కెయాఫా అనే పాత కోట ఉంది. అక్కడ 2012లో ఒక జాడీ ముక్కలు దొరికాయి. వాటిని అతికించి చూస్తే, జాడీని కాల్చకముందే పచ్చిమట్టి మీద గీసిన కనానీ అక్షరాలు బయటపడ్డాయి: 'ఎష్బయలు, బెదా కొడుకు'. యోసెఫ్ గార్ఫింకెల్, సార్ గానోర్ బృందం 2015లో దాన్ని ప్రకటించింది. జాడీ సుమారు క్రీ.పూ. 1000 నాటిది, అంటే సౌలు, దావీదుల కాలానిది. తండ్రి పేరు బెదా కాబట్టి ఇతను సౌలు కొడుకు కాదు. అలాంటి పేరు ఆ కాలంలో మామూలు మనుషులకూ ఉండేదని మాత్రం తేలింది. 1910లో ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలు రాజధాని సమరయలో దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్దపు పెంకుల మీద నూనె, ద్రాక్షారసం లెక్కల మధ్య అబీబయలు, మెరీబయలు లాంటి పేర్లున్నాయి. ఉత్తర రాజ్యంలో అప్పటికీ ఎవరూ వాటిని దాచుకోలేదన్నమాట. దక్షిణాన యూదాలో కథ వేరు. బబులోను సైన్యం మీదికొచ్చే రోజుల్లో రాసి, లాకీషులో దొరికిన పెంకులు చూస్తే గెమర్యాహు, యాజన్యాహు, మత్తన్యాహు అంటూ ఎక్కువగా చివర 'యాహు' ఉన్న యెహోవా పేర్లే.